ఐటీఐ చదువుకు పరిశ్రమ ఎలా దారి చూపాలి: వరంగల్ పరిసరాల యజమానుల కోసం

వరంగల్ చుట్టుపక్కల ఏ జిన్నింగు మిల్లుకు వెళ్లినా, ఏ రైసుమిల్లు ఆఫీసు గదిలో కూర్చున్నా, మాట ఐటీఐల మీదికి మళ్లిందంటే వినిపించేది ఒక్కటే: "సర్టిఫికెట్ ఉంటది గానీ పని రాదు." అదే ఊళ్లో ఐటీఐ ప్రిన్సిపాల్‌ను కదిలిస్తే, పాసైన పిల్లలను తీసుకుపోవడానికి వచ్చినవారే గానీ వాళ్లకు ఏం నేర్పాలో చెప్పడానికి వచ్చిన యజమాని ఒక్కరూ లేరని అంటారు. రెండు మాటలూ నిజమే. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివి, మిల్లు మెయింటెనెన్సులోనే తల నెరిసినవాడిని. కొన్నేళ్లుగా ఒక ఐటీఐ నిర్వహణ కమిటీ సమావేశాలకు పరిశ్రమ తరఫున వెళ్తున్నాను. ఆ అనుభవంతో, పది మంది పనివాళ్లున్న వర్క్‌షాపు యజమాని మొదలు పెద్ద మిల్లు మేనేజరు దాకా ఎవరైనా వచ్చే విద్యా సంవత్సరానికి ఆచరణలో పెట్టగల పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఉద్యోగానికి వచ్చిన ఒక కుర్రాడిని స్టార్ డెల్టా స్టార్టర్ (పెద్ద మోటారును తక్కువ కరెంటుతో మొదలుపెట్టే స్టార్టర్) బొమ్మ గీయమన్నాను. ఒక్క గీత తప్పు పోకుండా గీశాడు. సంతోషించి, రీవైండింగుకు పోయి వచ్చిన 15 హెచ్‌పీ మోటారు దగ్గరికి తీసుకెళ్లి కనెక్షన్ ఇవ్వమన్నాను. టెర్మినల్ బాక్సు మూత తీశాడు, ఆరు వైర్లు చూశాడు, అలాగే నిలబడిపోయాడు. ఆ వైర్లకు గుర్తులు లేవు. ఐటీఐలో అతను చేతులు తిరిగేలా నేర్చుకున్న బోర్డు మీద యూ1, వీ1, డబ్ల్యూ1 అని పెయింటుతో రాసి ఉంటుంది. మా మిల్లులో వేడికి ఆ గుర్తులు ఎప్పుడో మాడిపోయాయి. ఏ రెండు వైర్లు ఒకే వైండింగువో టెస్ట్ ల్యాంపుతో కనుక్కోవడం, ఆ తర్వాత ఏది మొదలో ఏది చివరో బ్యాటరీ పెట్టి, మీటరు ముల్లు ఎటు తిరిగిందో చూసి తేల్చుకోవడం అతనికి ఎవరూ చేయించలేదు. పిల్లవాడిలో తెలివికి కొరత లేదు, చెప్పిన సారులో శ్రద్ధకు కొరత లేదు. మిల్లులో మోటార్లు ఏ స్థితిలో ఉంటాయో ఐటీఐకి చెప్పినవాడు లేడు. చెప్పవలసినవాళ్లలో నేనూ ఒకడిని. మరుసటి నెల, కాలిపోయి మళ్లీ చుట్టించిన మూడు మోటార్లను గుర్తులు తీసేసి ఆ ఐటీఐకి పంపించాను. యజమాని పాత్ర అంటే నా దృష్టిలో ఇంత చిన్నది, ఇంత స్పష్టమైనది.

పనుల జాబితాతో మొదలుపెట్టండి

"మాకు నైపుణ్యం, క్రమశిక్షణ ఉన్న పిల్లలు కావాలి" అని ఏ ప్రిన్సిపాల్‌తోనూ చెప్పకండి. ఆ మాట విని ఆయన చేయగలిగింది ఏమీ లేదు. దానికి బదులు మీ ఫోర్‌మన్‌నూ, అనుభవమున్న ఒక మేస్త్రీనీ ఒక సాయంత్రం కూర్చోబెట్టి, గడిచిన పన్నెండు నెలల బ్రేక్‌డౌన్ రిజిస్టరు తెరవండి. ఏ పని ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టండి. రిజిస్టరు లేకపోతే స్టోరులో ఏ సామాను ఎంత ఖర్చయిందో చూసినా ఆ లెక్క తేలుతుంది. ఎన్ని బెల్టులు, ఎన్ని బేరింగులు, ఎన్ని కాంటాక్టర్లు తెప్పించారో ఆ బిల్లులే చెబుతాయి. ఆ తర్వాత మేస్త్రీని ఒక్క ప్రశ్న అడగండి: కొత్తగా చేరినవాడికి మొదటి మూడు నెలల్లో నువ్వు ఏ పనులు అప్పజెబుతావు, వాటిలో దేనికి నీ చెయ్యి పడాల్సి వస్తుంది?

వచ్చిన జవాబులను పనిగా, పనిముట్టుగా, కొలతగా రాయాలి. "బేరింగు మార్చడం రావాలి" అని రాస్తే సరిపోదు. "6308 బేరింగును పుల్లరుతో తీయాలి, సుత్తితో కొట్టకూడదు, షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచి 40 మిల్లీమీటర్లకు ఎంత అరిగిందో చెప్పాలి, కొత్తది ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి రింగు మీదనే పడేలా పైపు ముక్క పెట్టి దించాలి, మోటారు తిప్పి చప్పుడు విని, వేడి చూసి అప్పజెప్పాలి" అని రాస్తే, ఇన్‌స్ట్రక్టరు దాన్ని మరుసటి వారమే వర్క్‌షాపులో ఒక ప్రాక్టికల్‌గా మార్చుకోగలడు. ఇలాంటివి పన్నెండో పదిహేనో ఉంటే చాలు. నలభై రాస్తే ఎవరూ చదవరు. భద్రతను చివర ఒక వాక్యంగా అంటించకుండా ప్రతి పనిలోనూ మొదటి మెట్టుగా రాయండి. మా మేస్త్రీ మాటల్లో చెప్పాలంటే, "ముందుగాల్ల కరెంటు బంద్ చెయ్యి, లేదని టెస్టర్‌తోని చూసుకో, గప్పుడు చెయ్యి పెట్టు."

సిలబస్‌లో మీకు ఎంత చోటు ఉంది

చాలామంది యజమానులు "సిలబస్ మార్చాలి" అంటూ ఐటీఐ గేటు దాటుతారు. ఐటీఐ ట్రేడుల సిలబస్ దేశమంతటికీ ఒకటే; కేంద్ర ప్రభుత్వంలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్ దాన్ని నిర్ణయిస్తుంది. ప్రిన్సిపాల్‌కు గానీ, రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖకు గానీ అందులో ఒక పాఠం తీసేసే అధికారం లేదు. అయితే ఆ చట్రం లోపల ఖాళీ చాలా ఉంది, దాన్ని చూసుకోవాలి. 2022 సిలబస్ ప్రకారం మొదటి ఏడాది 1,200 గంటల్లో 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు థియరీ, 120 గంటలు ఉపాధి నైపుణ్యాలు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి రెండేళ్ల ట్రేడుల్లో రెండో ఏడాది కూడా ప్రాక్టికల్‌కు అంతే సమయం ఉంటుంది. వీటికి తోడు ఏటా 150 గంటలు దగ్గరి పరిశ్రమలో పని మీద శిక్షణ తప్పనిసరి. పరిశ్రమ దొరకని చోట గ్రూపు ప్రాజెక్టు చేయించాలి.

ట్రేడువారీ సిలబస్ 'భారత్ స్కిల్స్' వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. మీ జాబితాను ఒక పక్క, ఆ సిలబస్‌ను ఒక పక్క పెట్టుకుని ఇన్‌స్ట్రక్టరుతో కలిసి చదవండి. మీ పన్నెండు పనుల్లో ఎక్కువ భాగం ఏదో ఒక రూపంలో సిలబస్‌లోనే కనిపిస్తాయి. తేడా అంతా వాటిని దేని మీద చేయిస్తున్నారన్న దగ్గరే ఉంటుంది. మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించడం పాఠంలో ఉంది; దాన్ని కొత్త మోటారు మీద చేసి "బాగుంది" అని రాసుకోవడం వేరు, వానాకాలం పొలంలో తడిసి వచ్చిన మోటారు మీద చేసి, ఆరబెట్టి, మళ్లీ చూసి రెండు రీడింగులు పక్కపక్కన రాసుకోవడం వేరు. సిలబస్‌లో అసలు లేనివి రెండో మూడో మిగులుతాయి. వాటిని గ్రూపు ప్రాజెక్టులోనో, ఆ 150 గంటల్లోనో పెట్టించవచ్చు.

ఆ 150 గంటలను సీజను చూసి పెట్టండి

రోజుకు ఎనిమిది గంటల లెక్కన 150 గంటలంటే పందొమ్మిది రోజులు. ఈ పందొమ్మిది రోజులను ఎప్పుడు పెట్టాలన్నది మన ప్రాంతంలో చాలా ముఖ్యమైన విషయం. దీన్ని హైదరాబాదులో కూర్చున్నవారు మనకు చెప్పలేరు. పత్తి ఏనుమాముల మార్కెట్‌కు, జమ్మికుంటకు అక్టోబరు, నవంబరు నుంచి పోటెత్తుతుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా జిన్నింగు మిల్లులో ఎవరికీ ఊపిరాడదు. ఆ రోజుల్లో పిల్లలు వస్తే దూది మోయించడానికో, గేటు దగ్గర చీటీలు రాయించడానికో తప్ప పనికి రారు, పైగా తిరుగుతున్న యంత్రాల మధ్య ప్రమాదం. మే, జూన్ నెలల్లో వస్తే అప్పుడు మిల్లు ఆగి ఉంటుంది, యంత్రాలు విప్పి ఉంటాయి. డబుల్ రోలర్ జిన్ను నుంచి తోలు రోలర్లు బయటికి తీసి గాడులు కోయడం, నిలిచి ఉండే కత్తికీ ఆడే కత్తికీ మధ్య సందు సరిచేయడం, షాఫ్టుల అలైన్‌మెంటు చూడడం, ప్యానెల్ బోర్డులు విప్పి తుడిచి బిగించడం అన్నీ ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. ఫిట్టరుకైనా ఎలక్ట్రీషియన్‌కైనా అంతకు మించిన బడి లేదు. రెండో ఏడాది వాళ్లకు అది పరీక్షల ముందు కాలం కూడా. చేసిన పని చేతిలో తాజాగా ఉంటుంది.

రైసుమిల్లులకు లెక్క వేరు. వానాకాలం వడ్లు ఒక విడత, యాసంగి వడ్లు ఇంకో విడత వస్తాయి గనుక రెండు విడతల మధ్య ఆగిన రోజులను ఎంచుకోవాలి. మోటారు రీవైండింగు షాపులకు పూర్తిగా తిరగబడ్డ లెక్క: యాసంగిలో బోర్ల మోటార్లు కాలి వరుసగా వస్తాయి, కాబట్టి పని ఎక్కువగా ఉన్న ఆ ఫిబ్రవరి, మార్చి నెలలే పిల్లలకు మంచివి, అక్కడ పెద్ద యంత్రాల ప్రమాదమూ తక్కువ. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిపే ఆసాములకు ఆర్డర్లను బట్టి ఖాళీ ఉంటుంది; ఒక్కొక్కరికి ఒక్కరిద్దరు పిల్లల కంటే ఎక్కువ పంపితే ఎవరికీ ఏమీ రాదు.

పిల్లలను తీసుకునే ముందు వాళ్ల వయసు తప్పక చూడండి. పదో తరగతి అయిపోయి వచ్చినవాళ్లు గనుక ఐటీఐ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు. అప్రెంటిస్ చట్టం కూడా కనీస వయసు 14గా, ప్రమాదకరమైన పరిశ్రమల్లో 18గా పెట్టింది. పిల్లవాడు ఏ రోజు ఎవరి దగ్గర ఉన్నాడో, ఏ పని చేశాడో ఒక వంద పేజీల నోటుబుక్కులో రాయించి, సాయంత్రం మేస్త్రీతో సంతకం పెట్టించండి. "హాజరు" అని రాసి ఉన్న నోటుబుక్కు నాకు చూపిస్తే నేను దాన్ని శిక్షణగా లెక్కపెట్టను.

మనిషిని పంపండి, యంత్రాన్ని ఆలోచించి ఇవ్వండి

అతిథి ఉపన్యాసానికి యజమాని స్వయంగా వెళ్తే శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, పిల్లలు చప్పట్లు కొడతారు. నెలకు ఒక రోజు మీ మేస్త్రీని పంపితే పని జరుగుతుంది. ఆయన మైకులో మాట్లాడలేకపోవచ్చు. బెంచీ దగ్గర నిలబడి పిల్లవాడు పానా పట్టుకున్న తీరు చూసి దిద్దగలడు. ఆ రోజు ఆయన షిఫ్టు కూలి మీరే ఇవ్వాలి. లేకపోతే రెండో నెల ఆయన వెళ్లడు, అందులో ఆయన తప్పేమీ ఉండదు. అదే విధంగా ఇన్‌స్ట్రక్టర్లను సెలవు రోజుల్లో ఒక వారం మీ దగ్గరికి పిలవండి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఫ్యాక్టరీ లోపలికి రాని ఇన్‌స్ట్రక్టర్లు ఉన్నారు, వాళ్లను ఎవరూ పిలవలేదు కాబట్టి. వచ్చినప్పుడు ఆఫీసులో కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపకుండా, బ్రేక్‌డౌన్ వచ్చిన చోటికి వెంట తీసుకెళ్లండి.

యంత్రాలు ఇవ్వడంలో మన దగ్గర జరిగే తప్పులు రెండు. తమకు పనికిరాని పాత సామానును తుక్కుకు వేసే బదులు ఐటీఐకి తోలడం ఒకటి. ఖరీదైన యంత్రం కొనిచ్చి మరిచిపోవడం మరొకటి. నేను ఒక సంస్థలో, పేరెందుకు గానీ, లక్షలు పోసి ఇచ్చిన యంత్రం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఏళ్ల తరబడి ఉండడం చూశాను. ఆ షెడ్డుకు దాన్ని నడిపేంత కరెంటు లోడు మంజూరు కాలేదు, ఎవరూ ముందు అడగలేదు. ఇచ్చేముందు లోడు ఎంత, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, నడపడం ఎవరికి వచ్చు అని మూడు ప్రశ్నలు వేయండి. డబ్బు కొంచెమే పెట్టగలిగితే ఖర్చయిపోయే సామాను ఇవ్వండి. వెల్డరు ట్రేడులో పిల్లవాడికి చెయ్యి నిలవాలంటే 3.15 మిల్లీమీటర్ల రాడ్లు కట్టలకు కట్టలు కాలాలి. రాడ్లు లెక్కపెట్టి ఇచ్చే వర్క్‌షాపులో వెల్డింగు రాదు. మీ కట్టింగు యార్డులో మిగిలిన ఫ్లాట్లు, యాంగిల్ ముక్కలు నెలకో ఆటో పంపినా అది పెద్ద సాయమే.

కమిటీ, అప్రెంటిస్‌షిప్, కొత్త పథకాలు

2007-08లో మొదలైన పథకం కింద దేశంలో 1,396 ప్రభుత్వ ఐటీఐలకు నిర్వహణ కమిటీలు ఏర్పడ్డాయి. అటువంటి కమిటీకి పరిశ్రమ ప్రతినిధే ఛైర్మన్. పరిశ్రమ నుంచి మరో నలుగురు, ప్రభుత్వం నియమించినవారు ఐదుగురు, ప్రిన్సిపాల్ సభ్య కార్యదర్శి. ఒక్కో ఐటీఐకి రెండున్నర కోట్ల రూపాయల దాకా వడ్డీ లేని అప్పు కూడా ఇచ్చారు. కాగితం మీద పరిశ్రమకు ఇంత చోటు ఉంది. ఆచరణలో చాలా సమావేశాలు మినిట్స్ పుస్తకం చేతులు మారి, సంతకాలు పడి, బిస్కెట్లతో ముగుస్తాయి. మీరు సభ్యులైతే ఎజెండా వారం ముందే అడిగి తెప్పించుకోండి. ప్రతి సమావేశంలో కనీసం అరగంట వర్క్‌షాపులో, పిల్లలు పనిచేస్తుండగా జరగాలని పట్టుబట్టండి. సభ్యులు కాకపోయినా మీ పనుల జాబితాను కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వకుండా మిమ్మల్ని ఆపేవారు లేరు.

అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ముప్పై మందీ అంతకు మించీ పనిచేసే సంస్థ తన మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, కాంట్రాక్టు మనుషులు కూడా ఆ లెక్కలోకి వస్తారు. నాలుగు నుంచి ఇరవై తొమ్మిది మంది ఉన్నచోట అది ఐచ్ఛికం. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అప్రెంటిస్‌తో చేసుకున్న ఒప్పందాన్ని అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అప్రెంటిస్ చట్టరీత్యా శిక్షణార్థి, పనివాడు కాడు. అయినా పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం లేదు, కానీ ఇవ్వబోమని ముందే తెలిసి ఉంటే ఆ మాట మొదటి రోజే చెప్పండి. ఇంకొంచెం లోతుగా దిగదలచినవారికి ద్వంద్వ శిక్షణ పద్ధతి ఉంది: ఏడాది కోర్సులో మూడు నుంచి ఆరు నెలలు, రెండేళ్ల కోర్సులో ఆరు నుంచి పన్నెండు నెలలు పిల్లలు పరిశ్రమలోనే నేర్చుకుంటారు.

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు అందులో ఉన్నాయి. 2025లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 60,000 కోట్ల రూపాయల పథకంలో వెయ్యి ఐటీఐలను పరిశ్రమ నాయకత్వంలో నడపాలన్న ఆలోచన ఉంది. ఇవి వచ్చాయి గదా అని చిన్న యజమానులు వెనక్కి జరగకూడదు. రోబో నేర్చుకున్న పిల్లవాడిని ఎక్కడ నిలబెట్టాలో తెలియని మిల్లులే మన దగ్గర ఎక్కువ. ఆ యంత్రాల మీద నేర్చుకునే సెన్సారు, పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరు) పని మీ కొత్త ప్యానెల్ బోర్డుకు ఎలా అతుకుతుందో చెప్పవలసింది మీరే.

చిన్నవాళ్లు కలిసి నడవాలి

సింగరేణి, రామగుండం ఎన్టీపీసీ, రైల్వే, హన్మకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ వంటివాటి వైపు ముందు వరుస పిల్లలు వెళ్లిపోతారు, అది సహజం. 2023లో శంకుస్థాపన జరిగిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు వెల్డర్లు, ఫిట్టర్లు పెద్ద సంఖ్యలో కావాలి. చిన్న మిల్లులు ఒక్కొక్కటిగా వీటితో పోటీ పడలేవు. ఐదారు జిన్నింగు మిల్లులు, రెండు ఫ్యాబ్రికేషన్ షాపులు, ఒక రీవైండింగు షాపు కలిసి ఒకే పనుల జాబితా తయారుచేసి ఒక ఐటీఐతో మాట్లాడితే ఆ మాటకు బరువు ఉంటుంది. మరో లాభమూ ఉంది: ఒక్క యజమాని చెప్పినట్టు శిక్షణ నడిస్తే పిల్లవాడు ఆ ఒక్క మిల్లుకే పనికొస్తాడు, ఆ మిల్లు మూతపడితే రోడ్డున పడతాడు. 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లులో తండ్రి పక్కన కొడుకు నిలబడి పని నేర్చుకున్న ఇళ్లు వరంగల్‌లో ఎన్నో ఉన్నాయి. మిల్లు పోయాక ఆ పనితనానికి ఇంకో చోటు దొరకక ఎంతమంది ఏ పనులకు మళ్లారో మనకు తెలుసు. జాబితాలోని ప్రతి పనికీ, ఇది పక్క మిల్లులోనూ పనికొస్తుందా అని ఒకసారి చూసుకోండి.

గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పుణ్యమా అని కుట్టు, నేత రంగాల ట్రేడులకు ఆడపిల్లలు ఎక్కువగా వస్తారు. వాళ్లను 150 గంటల శిక్షణకు పిలిచే యజమాని ముందు మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది, సాయంత్రం ఊరికి చేర్చే బస్సు చూసుకోవాలి. ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరిన ఆడపిల్లలను కూడా ప్యానెల్ రూములోకి రానివ్వాలి. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టడం ఆదరణ అనిపించుకోదు.

జీతం దగ్గర, ఏడాది తర్వాత

ఇది యజమానులకు నచ్చదని తెలిసే రాస్తున్నాను. రెండేళ్లు చదివి, ప్రాక్టికల్‌లో 60 శాతం తెచ్చుకుని పాసైనవాడికీ, ఏ చదువూ లేకుండా హెల్పరుగా చేరినవాడికీ మొదటి నెల ఒకే జీతం ఇస్తే, మీరు కమిటీలో ఎంత మాట్లాడినా పిల్లల తల్లిదండ్రులు ఆ కవరులోని డబ్బునే మీ అభిప్రాయంగా చదువుకుంటారు. తేడా వెయ్యి రూపాయలైనా సరే, అది ఏ పనులు వచ్చినందుకు ఇస్తున్నారో మీ జాబితాలోని పనులతో ముడిపెట్టి రాసి, ఐటీఐ నోటీసు బోర్డు మీద అంటించండి. మా దగ్గర ఆ కాగితం అంటించిన ఏడాది, గుర్తులు లేని వైర్ల ప్రాక్టికల్‌కు పిల్లలు వరుసలో నిలబడ్డారని ఇన్‌స్ట్రక్టరు చెప్పారు.

చేరినవాళ్లు ఆరు నెలలు దాటాక ఐటీఐకి ఒక్క పేజీ రాసి పంపండి. ఎంతమంది చేరారు, ఎంతమంది మిగిలారు, వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు అన్నవి మొదట రాయండి. తర్వాత జాబితాలోని ఏ పనులు వాళ్లు ఒంటరిగా చేస్తున్నారు, ఏవి ఇంకా మేస్త్రీ చూడవలసి వస్తోంది అన్నది పనివారీగా రాయండి. వెళ్లిపోవడానికి మీ షిఫ్టు వేళలు గానీ, మీ సూపర్‌వైజరు నోటి దురుసు గానీ కారణమైతే అదీ రాయండి. ఆ పేజీని ఏప్రిల్‌లోగా పంపితే, మే నెలలో మిల్లు ఆగే నాటికి కొత్త జాబితాతో ఇన్‌స్ట్రక్టరు మీ గేటు దగ్గర ఉంటారు.